ఒరిజినల్ శ్రుతి

ఫిబ్రవరి 4, ఆదివారం

వాన పాట చరణంలో బావ గొంతు జారింది. ఒకసారైతే రాసేవాణ్ణి కాదు. ఎత్తుకున్న ప్రతిసారీ సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి, మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా కిందికి దిగిపోయాడు. దగ్గాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అంతే.

మా బ్యాండు రిహార్సల్ టైల్స్ గోడౌన్‌లో. డ్రమ్మరుది టైల్స్ వ్యాపారం, అందుకని వాడి పేరు కూడా టైల్సే. గోడలనిండా నమూనా పలకలు అతికించి ఉంటాయి, తప్పు పాడితే ఒకటికి పదిసార్లు వినిపిస్తుంది. బావ నేరమంతా తన డ్రైవింగ్ స్కూల్ మీదికి తోశాడు. ఈ బ్యాచ్‌లో చేరినవాళ్ళందరూ చెవిటివాళ్ళు, బ్రేక్ బ్రేక్ అని అరిచి అరిచి గొంతు కూర్చుంది అన్నాడు.

బావ టీకి బయటికి వెళ్ళగానే మాష్టారు నా పక్కకి జరిగాడు. ఈయన మా గిటారు, వారమంతా లెక్కల ట్యూషన్లు. అర స్వరం దించుదామా అన్నాడు, గోడలు వింటాయేమోనన్నంత మెల్లగా. నా కీబోర్డ్‌కి ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. ఒకసారి నొక్కితే మైనస్ ఒకటి అని పడుతుంది. నా వేళ్ళు ఎప్పటి చోటే ఉంటాయి, మోగేది మాత్రం అర స్వరం కింద. ఆయన తీగలు కాస్త వదులు చేసుకుంటే సరిపోతుంది. డ్రమ్ములకి ఈ గొడవే లేదు.

బావకి చెబుదామన్నాను. నువ్వు చెప్పు అన్నాడు మాష్టారు. చెప్పడమా. మా బ్యానర్ మీద బ్యాండు పేరు కింద 'ఒరిజినల్ శ్రుతి, ఒరిజినల్ అనుభూతి' అని ఉంటుంది. రాయించింది బావే. ఊళ్ళో మిగతా బ్యాండులన్నీ స్కేలు దించుకుని పాడతాయి, మేము మాత్రం రికార్డులో ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తునే పాడతాం అని ప్రతి ప్రోగ్రాంలో మైకులో చెబుతాడు. ఆ మనిషితో స్కేలు దించుదామంటే మైకు స్టాండ్ ఊడబీకి నా నెత్తిన వేస్తాడు.

పిల్లి మెడలో గంట కట్టేవాడు దొరకలేదు. బటన్ నొక్కాను. బావ వచ్చాడు, ఎత్తుకున్నాడు, చరణం దాటేశాడు. చూశావురా బామ్మర్దీ, ఒక్క టీ పడితే చాలు గొంతు తెరుచుకుంటుంది అన్నాడు. ముగ్గురం తలలూపాం.

ఈ ఒక్క వారమే. బొంగురు తగ్గగానే మళ్ళీ సున్నాకి.

ఫిబ్రవరి 11

తగ్గలేదు. బటన్ అలాగే ఉంది.

ఫిబ్రవరి 27

వాన పాటకే కాదు, ఇప్పుడు అన్ని పాటలకీ మైనస్ ఒకటే. బావ హుషారు చూసి తీరాలి. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఈ వయసులో నా గొంతు పెరుగుతోంది ఏమిట్రా అని మొన్న ఫోన్ చేసి మరీ అడిగాడు. నేనేం చెప్పను? సాధన బావా అన్నాను.

పట్టుకోలేడా అంటే, ఎలా పట్టుకుంటాడు. ఆయన చేతిలో వాయిద్యం లేదు. పాటకి ముందు నేను వాయించిన బిట్టు చెవిన వేసుకుని అక్కణ్ణించి ఎత్తుకోవడమే. నేను ఎక్కడ నిలబెడితే ఆయనకి అదే నేల. పైగా పాట ఒకసారి నేర్చుకున్నాక ఒరిజినల్ మళ్ళీ వినకూడదని మా బ్యాండులో రూలు. వింటే కాపీ కొడతాం, వినకపోతే పాట మనదవుతుంది అని బావ సిద్ధాంతం. వాన పాట ఒరిజినల్ ఆయన విని ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు.

ఈరోజు నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో ఒక పెద్దమనిషి బోర్డు మీద కింది వరస గడగడా చదివేశాడు. అనుమానమొచ్చి బోర్డు మార్చాను. ఒక్క అక్షరం రాలేదు. ముందువాళ్ళు చదువుతుంటే విని బట్టీ పట్టాడట. కళ్ళజోడు వస్తే ముసలాడినయిపోతానని భయమట. కళ్ళు మీవి సార్, నన్ను మోసం చేస్తే మీకేమొస్తుంది అని కాస్త గట్టిగానే అన్నాను. ఓనరు పిలిచి కస్టమర్లతో ఆ గొంతేమిటి అని చీవాట్లు పెట్టాడు.

మార్చి 12, మంగళవారం

అక్క షాపుకి వచ్చింది. కళ్ళజోడు స్క్రూ వదులైందని వంక. స్క్రూ బాగానే ఉంది.

అసలు సంగతి బావ గొంతు. పొద్దున్నే తుప్పు పట్టిన గేటు తీసినట్టు ఉంటోందట. మధ్యాహ్నానికి మాటే పైకి రాదట. హాస్టల్ నుంచి మేనకోడలు ఫోన్ చేసి, నాన్న ఫోన్ ఇంకెవరో ఎత్తారనుకుందట. డాక్టరుకి చూపించుకోమని అక్క నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. బావ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పాడే గొంతుకి లేని జబ్బు మాట్లాడే గొంతుకి ఎక్కణ్ణించి వస్తుందే, ఆదివారం ఒరిజినల్ శ్రుతిలో పాడుతున్నాను, కావాలంటే నీ తమ్ముణ్ణి అడుగు అంటున్నాడట.

అందుకని అడగడానికి వచ్చింది. నువ్వు నాతో అబద్ధం ఆడవు కదరా, నిజంగా బాగానే పాడుతున్నాడా అంది.

బాగానే పాడుతున్నాడక్కా అన్నాను.

అబద్ధం కాదు. బాగానే పాడుతున్నాడు. ఎంత ఎత్తున పాడుతున్నాడు అని అక్క అడగలేదు, అక్కకి అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా తెలియదు. మొహం తేటపడింది. సరేలే, నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నాను అంటూ వెళ్ళిపోయింది. అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. కక్కలేకా మింగలేకా షట్టర్ వేసేదాకా అలాగే కూర్చున్నాను.

మార్చి 13

మాష్టారికి ఫోన్ చేసి అక్క వచ్చిన సంగతి చెప్పాను. ఇప్పుడు చెబితే మొదటే ఎందుకు చెప్పలేదంటాడు, కాస్త ఆగి చూద్దాం అన్నాడు. లెక్కల మాష్టారు. ఆగితే లెక్క చిన్నదవుతుందని ఈయనకి ఎవరు చెప్పారో.

మార్చి 24, ఆదివారం

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళ వార్షికోత్సవం. సాయంత్రం, పార్కింగ్‌లో స్టేజి. బావ కొత్త చొక్కా. మైకు తీసుకుని ఎప్పటి ఉపన్యాసం మొదలుపెట్టాడు. మా దగ్గర దించడాలు తగ్గించడాలు ఉండవండీ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా కళ్ళ ముందు డిస్‌ప్లే మీద మైనస్ ఒకటి ఎర్రగా వెలుగుతోంది. దాని మీద కర్చీఫ్ వేశాను.

పాడాడు. నిజంగా బాగా పాడాడు, ఏ మాటకామాటే చెప్పాలి. వాన పాటకి ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. దిగాక మెట్ల దగ్గర బావ కూలబడి కాసేపు లేవలేదు. ఊపిరి తీసుకుంటుంటే లోపల ఏదో సన్నగా ఈల వేసినట్టయింది. ఏమిటి బావా అంటే, ఆస్తమా ఏమో, సిగరెట్లు మానేసినా అవి నన్ను మానలేదురా అని నవ్వాడు.

ఏప్రిల్ 14

మైనస్ రెండు.

మాష్టారు తీగలు బట్టలారేసుకునే తాడులా వేలాడుతున్నాయి, కొట్టినప్పుడల్లా జరజరమంటున్నాయి. నేను కొత్త తెలివి ఒకటి చూపించాను. ప్రతిసారీ బటన్ నొక్కుతుంటే బావ కంటపడుతుందని సెట్టింగ్‌ని మెమరీలో దాచేశాను. పేరు పెట్టమంది మెషీన్. ఆలోచించకుండా ఇంగ్లీషు అక్షరాల్లో బావ వన్, బావ టూ అని కొట్టాను. టైల్స్ చూసి పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

ఏప్రిల్ 30

డ్రైవింగ్ నేర్చుకునే ఒకావిడ కారు తీసుకెళ్ళి స్కూలు గేటుకి కొట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు, గేటు వంగింది. బావ తన వైపు ఉండే బ్రేక్ మీద కాలు వేసేసరికే ఆలస్యమైంది. ఆవిడ ఏడుస్తూ, సారు ఏదో అన్నారు కానీ నాకు వినిపించలేదు అందట. బావ మాత్రం చెవులు చూపించుకోమని ఆవిడకి సలహా ఇచ్చాడు.

మే 9

చెప్పేద్దామని కారులో ఎక్కాను.

ఎదురుగా మనిషి మొహం చూడక్కర్లేదు కదా, పక్కన కూర్చుని రోడ్డు చూస్తూ చెప్పేయొచ్చు అనుకున్నాను. స్కూలు కారు, రెండు వైపులా పెడల్స్. నన్ను డ్రైవ్ చేయమని ఆయన శిక్షకుడి సీట్లో కూర్చున్నాడు. బావా, వాన పాట గురించి ఒక మాట అన్నాను. ఆయన ఠక్కున అందుకున్నాడు. నాకు తెలుసురా నువ్వేమంటావో, చరణంలో ఆఖరి సంగతి ఇంకాస్త సాగదీయమంటావు, అంతేగా అన్నాడు. ఆ తర్వాత ఇక నన్ను మాట్లాడనిస్తే కదా. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పాటలు పాడితే గుడ్డలు చింపుకుని తిరుగుతావురా అని కొట్టేవాడట. పగలంతా కొత్తవాళ్ళ చేత క్లచ్ తొక్కించి తొక్కించి, ఆదివారం ఆ ఒక్క చరణం దాటినప్పుడు, ఈ జన్మకి ఇది చాలు అనిపిస్తుందట. ఇదంతా చెప్పిన గొంతు పక్క సీట్లో ఉన్న నాకే సగం వినిపించలేదు.

గేరు మార్చు, ఇంజను ఏడుస్తోంది అన్నాడు. మార్చాను. ఇంటికొచ్చేశాను. పిరికివెధవని.

మే 26

బావ త్రీ.

జూన్ 2, ఆదివారం

ఈరోజు చేసిన పని చూస్తే నాకు ఒక్క రవ్వ బుద్ధి కూడా లేదని తేలిపోతుంది.

నిన్న అక్క మళ్ళీ ఫోన్ చేసింది. నిద్రలో ఆ ఈల చప్పుడు ఎక్కువైందట. అన్నం ముద్ద మింగడానికి బావ తల పక్కకి తిప్పుతున్నాడట. అయినా పాడుతున్నాను కదా అంటున్నాడట. అయినా పాడుతున్నాడు కదరా అని అక్క కూడా అంది, తనకి తాను చెప్పుకున్నట్టు. ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండిపోయింది, నా మీద నాకే. నోటితో చెప్పలేకపోతే చేత్తో చెబుతాను అనుకున్నాను. ఈరోజు రిహార్సల్‌లో ఎవరికీ చెప్పకుండా సున్నాకి తెచ్చి వాన పాట బిట్టు వాయించాను. ఒరిజినల్.

బావ ఎత్తుకున్నాడు. పల్లవిలోనే గొంతు చిరిగిపోయింది. గుడ్డ చిరిగినట్టే చప్పుడు. అదే క్షణంలో మాష్టారు గిటారు మొదలుపెట్టాడు. నేను ఆయనకి చెప్పలేదు కదా, ఆయన తీగలు కిందే ఉన్నాయి. ఆయనొక ఊళ్ళో, నేనొక ఊళ్ళో. గోడౌనంతా కుక్కల కొట్లాటలా మోగింది.

బావ చెయ్యి ఎత్తి ఆపాడు. ఇటు విన్నాడు, అటు విన్నాడు. నీ కీబోర్డ్ పోయిందిరా, పైకి మోగుతోంది అన్నాడు.

కాదు బావా, ఇదే కరెక్టు, ఇదే ఒరిజినల్, ఇన్నాళ్ళూ మేమే కిందికి దించి వాయిస్తున్నాం అన్నాను. అన్నాను. స్పష్టంగా, అందరి ముందూ, పూర్తి వాక్యం. బావ పకపకా నవ్వాడు. నిన్నటిదాకా పాడిన పాట నాకు తెలియదా, మాష్టారి గిటారు సరిగ్గా ఉంది, నీదొక్కటే తేడాగా ఉంది, నీ డబ్బాలో తప్పు పెట్టుకుని నా గొంతు మీదికి తోస్తావేం అన్నాడు. మాష్టారి వైపు తిరిగి మీరు చెప్పండి అన్నాడు.

మాష్టారు తీగల వైపు చూశాడు. టైల్స్ తన కర్రల వైపు చూశాడు. నోట్లో నువ్వు గింజ నానని టైల్స్, ఊళ్ళో అందరి సంగతులూ అందరికీ చెప్పే టైల్స్, ఈరోజు మూగనోము పట్టాడు.

బావ స్వయంగా కీబోర్డ్ మోసుకెళ్ళి కారు డిక్కీలో పెట్టుకున్నాడు. తనకి తెలిసిన మెకానిక్ ఉన్నాడట, రిపేరు చేయించి తెస్తాడట. దిగులుపడకు, పాత మెషీన్లకి ఇవన్నీ మామూలే అని నన్ను ఓదార్చి వెళ్ళాడు.

జూన్ 4

కీబోర్డ్ లేదు. సాయంత్రం టేబుల్ మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాను. మాష్టారు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

జూన్ 7

బావ షాపుకి వచ్చాడు. నా స్టూలు మీద, కళ్ళ పరీక్షకి వచ్చేవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాడు.

మెకానిక్ అంతా విప్పి చూసి, మెషీన్‌కి ఏ రోగమూ లేదు అన్నాడట. మెమరీలో సెట్టింగులు చూపించాడట. ఎవరో పెద్దాయన కోసం దించుకుంటూ వస్తున్నారండీ, గొంతు దిగేకొద్దీ ఇలాగే చేస్తారు, పాపం అన్నాడట. పేర్లు చదివాడట. బావ వన్, బావ టూ, బావ త్రీ. బావంటే ఎవరండీ అని అడిగాడట.

నువ్వేమన్నావు బావా అని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. తెలియదన్నానురా అన్నాడు.

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. అపార్ట్‌మెంట్ వాళ్ళ దగ్గర మైకులో ఏం మాట్లాడానో గుర్తుందా అన్నాడు. అంతమందిని మోసం చేశాం కదరా అన్నాడు. గొంతు సంగతి కాదు, ఈయనకి జనం సంగతి. గొంతు చూపించుకుందాం బావా అన్నాను. ముందు ఆదివారం రా అన్నాడు.

జూన్ 9, ఆదివారం

గోడౌన్‌లో బ్యానర్ లేదు. బావ పొద్దున్నే వచ్చి దించి, టైల్స్ దగ్గర రంగు డబ్బా అడిగి, రెండో లైను మీద నల్లగా పూసేశాడు. నేను వెళ్ళేసరికి బయట ఆరేసి ఉంది.

కీబోర్డ్ ఆయనే బిగించాడు. సున్నాలో పెట్టు అన్నాడు. మాష్టార్ని వాయించవద్దన్నాడు. బిట్టు ఇచ్చాను. ఎత్తుకున్నాడు, చిరిగింది. ఒకటి దించు అన్నాడు. దించాను. చిరిగింది. ఇంకొకటి. ఇంకొకటి. ప్రతిసారీ అదే బిట్టు, అదే పల్లవి. మొన్నటిదాకా హాయిగా పాడిన మైనస్ మూడులో కూడా ఈరోజు పైకి వెళ్ళలేదు. ఇంకొకటి దించు అన్నాడు. మైనస్ నాలుగు. చరణం దాకా వచ్చి, అక్కడ శబ్దం లేకుండా పెదాలు మాత్రం కదిలాయి. పెదాలు కదుపుతూనే చరణం పూర్తి చేశాడు. నేనూ పూర్తిగా వాయించాను. ఆపడానికి చెయ్యి రాలేదు.

టైల్స్ బయటికి వెళ్ళిపోయాడు. మాష్టారు గిటారు సంచిలో పెట్టుకుంటూ జిప్పు వేయలేకపోయాడు.

డాక్టరు దగ్గరికి వెళదాంరా, మీ అక్కని తీసుకుని నువ్వూ రా అన్నాడు బావ. ఆగి, మీ అక్కకి ఈ బటన్ల సంగతి చెప్పకు అన్నాడు. అది తట్టుకోదు, నీ మీద ప్రాణం దానికి అన్నాడు. దోషం నాది, జాగ్రత్త ఆయనది. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

జూన్ 18, మంగళవారం

గొంతు డాక్టరమ్మ. చిన్న గది, మూడు కుర్చీలు, నేను బావ పక్కన, అక్క అటు చివర. గొట్టం పెట్టి చూడకముందు ప్రశ్నలు. గొంతు మారడం ఎప్పుడు మొదలైంది అని అడిగింది.

జలుబు చేశాకండీ, ఒక పదిహేను రోజులు అన్నాడు బావ.

అంతేనా, గుర్తు చేసుకోండి, ఇది చాలా ముఖ్యం అంది డాక్టరు. బావ అంతే అన్నాడు. ఉదయం పూట బొంగురు అంతకుముందు నుంచీ ఉందండీ, కానీ పాడేవాడు, బాగానే పాడేవాడు అంది అక్క. అని నా వైపు తిరిగింది. ఆదివారం ఆదివారం నువ్వు పక్కనే కదా, నీకు తెలిసే ఉంటుంది చెప్పు అంది.

టేబుల్ కింద బావ కాలు వచ్చి నా కాలి మీద పడింది. గట్టిగా. రోజూ కారులో తొక్కే అలవాటు ఉన్న కాలు అది, ఎముక నలిగింది. ఆయన మొహం మాత్రం డాక్టరు వైపే ఉంది.

ఊరుకోవచ్చు. ఊరుకుంటే అక్క నాకు అక్కగానే మిగులుతుంది. కానీ ముఖ్యం అంది కదా ఆవిడ.

ఫిబ్రవరి మొదటి ఆదివారం అర స్వరం పడిపోయిందండీ అన్నాను. ఏప్రిల్ మధ్యలో ఇంకో అర. మే చివర్లో ఇంకో అర. ఈ నెల మొదట్లో మొత్తం.

డాక్టరు రాయడం ఆపింది. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు, మీరేం చేస్తుంటారు అంది. చెప్పాను. బటన్ అంటే ఆవిడకి మొదట అర్థం కాలేదు. స్కేలంటే ఏమిటో, దించితే పాడేవాడికి ఎందుకు తేలికవుతుందో, ఆయనకి తెలియకుండా ఎలా చేశామో వివరంగా చెప్పాల్సి వచ్చింది. అక్క వింటూ ఉంది. బావ కాలు తీసేశాడు.

గొట్టం పెట్టి చూశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు. తిరిగి వచ్చేటప్పుడు అక్క వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటి దగ్గర దిగి, గేటు వేసి వెళ్ళు అంది. అంతే.

జూన్ 27

క్యాన్సరట, స్వరపేటిక మొత్తం తీసేయాలట. మెడకి ముందు రంధ్రం పెడతారు, అక్కణ్ణించే ఊపిరి. మాట ఉండదు. ప్రాణం ఉంటుంది, ఆ నమ్మకం ఉంది అంది డాక్టరు. మొదట్లోనే వచ్చి ఉంటే రేడియేషన్ కరెంటు పెట్టి సరిపెట్టేవాళ్ళం, గొంతు దక్కేది అంది.

మొదట్లో అంటే ఎప్పుడండీ అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

మీరు చెప్పిన ఆ ఫిబ్రవరిలో అంది.

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు అంది అక్క, గోడకి చెప్పినట్టు. నా వైపు చూడలేదు.

జూలై 3

మాష్టారు ఏడ్చాడు. ట్యూషన్ పిల్లలు వచ్చే వేళకి మొహం కడుక్కున్నాడు. మనం మంచికే కదా చేశాం అన్నాడు. అవును అన్నాను.

జూలై 6, శనివారం

బావ రికార్డింగ్ కావాలన్నాడు. మైకు, లాప్‌టాప్ పట్టుకుని మధ్యాహ్నం వెళ్ళాను. వాన పాటే అనుకున్నాను, మైనస్ అయిదో ఆరో, ఎంతలో వస్తే అంతలో. కీబోర్డ్ కూడా మోసుకెళ్ళాను.

అది కారులోనే ఉంచు అన్నాడు. మైకు ముందు కూర్చుని మొదలుపెట్టాడు. క్లచ్ తొక్కు. మొదటి గేరు. మెల్లగా వదులు. మెల్లగా. అద్దం చూడు. ఎడమకి. ఇండికేటర్ వేశావా. బ్రేక్. బ్రేక్. బ్రేక్ అన్నానా.

ఆపరేషన్ అయ్యాక ఫోన్‌లోంచి ఇవి వినిపిస్తూ పాఠాలు చెబుతాడట. నోరు లేకపోయినా నా కాలి కింద బ్రేక్ ఉంది కదరా అన్నాడు. ఒక్కొక్క మాట విడిగా కత్తిరించమన్నాడు. గాలి తక్కువ, మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. నేను లెవెల్ చూసుకుంటూ, ఇంకోసారి బావా, ఈ బ్రేక్ సరిగ్గా పడలేదు అంటున్నాను. రికార్డిస్టుని కదా. అన్నీ అయ్యాక, పాట బావా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. దానికోసం నువ్వు ఇక దించక్కర్లేదులే అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నిద్ర పట్టేది.

అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. అంతా వింది, గ్లాసులు కడుగుతున్న చప్పుడు మధ్యలో ఆగిపోయింది.

జూలై 8

పొద్దున లోపలికి తీసుకెళ్ళారు. వెళుతూ ఏదో అన్నాడు, స్ట్రెచర్ చక్రాల చప్పుడులో వినపడలేదు, మళ్ళీ అనమని అడిగేలోపు తలుపు పడింది.

జూలై 19

బావ ఇంటికి వచ్చాడు. చూద్దామని వెళ్ళాను. అక్క తలుపు సగం తీసి, నిద్రపోతున్నారు తర్వాత రా అంది. లోపల బావ చప్పట్లు కొడుతున్నాడు. ఇప్పుడు ఎవరినైనా పిలవాలంటే అలాగే కొడతాడట. నన్నే పిలుస్తున్నాడు. నాకు వినిపించింది, అక్కకీ వినిపించింది. తలుపు వేసింది.

జూలై 28, ఆదివారం

గోడౌన్‌కి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఊరికే. అక్క వచ్చింది. ఇన్నేళ్ళలో అక్క ఇక్కడ అడుగు పెట్టడం ఇదే.

ఆ బటన్ ఎక్కడుందో చూపించు అంది. చూపించాను. మధ్యలో ఒక మీట నొక్కి విన్నది. బటన్ ఒకసారి నొక్కింది, మళ్ళీ అదే మీట. ఇంకోసారి. ఇంకోసారి. చెవి స్పీకరుకి ఆనించి వింది. మైనస్ నాలుగు దాకా వెళ్ళి, మళ్ళీ సున్నాకి తెమ్మంది, మళ్ళీ మొదలుపెట్టింది.

నాకేం తేడా తెలియడం లేదురా అంది.

మళ్ళీ నొక్కింది.